వియన్నాలో మైకు, పద్మనాభంలో ప్రతిజ్ఞ

ఏటా మార్చిలో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ వియన్నాలో కొలువుదీరుతుంది. సభ్యదేశాలు 53. స్వచ్ఛంద సంస్థలకూ కుర్చీలుంటాయి, 1983 నుంచి వాళ్లకో కమిటీ కూడా ఉంది. దొరలంతా మాట్లాడాక, టైము మిగిలితే మైకు వాళ్ల దాకా వస్తుంది.

పౌర సమాజానికి చోటిచ్చే ఈ పోటీలో మా పద్మనాభం మండలం వెనకబడిందనుకునేరు! మాకు జూన్ 26, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం ఉంది. బడిపిల్లలు బ్యానరు పట్టుకుని ఎండలో ఊరంతా తిరుగుతారు. కుడిచెయ్యి చాపి, మత్తు జోలికి పోమని ప్రతిజ్ఞ చేస్తారు. ఫొటో పైకి వెళ్తుంది. పౌర సమాజం పాల్గొన్నట్టు లెక్క తేలిపోతుంది. మర్నాడు ఆ చేతుల్ని ఎవరూ ఏమీ అడగరు.

గోస్తనీ గట్టున ఓ పెద్దాయన్ని అడిగాను: "గంజాయి చట్టం మీద నీ అభిప్రాయం ఎవరైనా అడిగారా తాతా?"

"మా మనవణ్ని అట్టుకెళ్లినప్పుడు ఆడి పేరడిగినారు బాబూ. నా యేలిముద్ర అడిగినారు. ఇంకేటడగాల?"

నిజమే, ఇంకేం అడగాలి? చట్టం 1985 నాటిది. ఇరవై కిలోలు దాటిన గంజాయితో దొరికితే కనీసం పదేళ్లు, బెయిలు గగనం. మూట మోసినవాడు చెక్‌పోస్టులో దొరుకుతాడు. మూట కట్టించినవాడు ఎఫ్‌ఐఆర్‌లో "పరారీ"గా సుఖంగా ఉంటాడు.

2020 డిసెంబరు 2న అదే వియన్నా కమిషన్ గంజాయిని అతి కఠినమైన జాబితా నుంచి తీసేసింది. అనుకూలంగా 27 ఓట్లు, వ్యతిరేకంగా 25. మన దేశం అనుకూలంగానే చెయ్యెత్తింది. ఎత్తే ముందు మన మన్యంలోని పెదబయలులోనో, జి.మాడుగులలోనో టముకు వేయించినట్టు లేదు. ఏడాది తిరగకుండా 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. చాలాచోట్ల గిరిజనులే స్వచ్ఛందంగా నరికారని చెప్పారు. భాగస్వామ్యమంటే అదీ! నరకడానికి కత్తి ఇస్తారు, మాట్లాడ్డానికి మైకు మాత్రం ఇవ్వరు.

తమాషా ఏమిటంటే, మైకు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. 1996 నాటి పెసా చట్టం చదవండి. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలని అందులో రాసుంది. వియన్నాలో ఏ స్వచ్ఛంద సంస్థకూ లేని అధికారం అది. కాగితం మీద ఇంత బలమున్న గ్రామసభను కుర్చీలు సర్దడానికీ చప్పట్లు కొట్టడానికీ వాడుకుంటున్నాం.

పిలవకుండానే పాల్గొన్నవాడు మా మండలంలోనే పుట్టాడు. 1897లో పాండ్రంగిలో. అల్లూరి సీతారామరాజు మన్యంలో మొదట పట్టుకున్నది విల్లు కాదు. తాగుడు మానండి, మీ తగవులు మీ పంచాయతీలోనే తీర్చుకోండి అని చెప్పుకుంటూ తిరిగాడు. తెల్లదొరలు దీన్ని పౌర సమాజ కార్యక్రమంగా గుర్తించి, వెనకాల పోలీసుల్ని పెట్టారు. తర్వాత సంగతి మీకు తెలుసు. ఇప్పుడు ఆయన పేరున్న జిల్లాలోనే గంజాయి వేట.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లనూ ఎవరూ పిలవలేదు. సారా పాటలు ఆపించారు, మరుసటి ఏడాదికి సారానే ఆపించారు. ఆహ్వానపత్రం కోసం కాచుకుని ఉంటే ఇప్పటికీ కాచుకునే ఉండేవారు.

కలెక్టరుగారికీ, ఎస్పీగారికీ ఒక మనవి. ఈసారి జూన్ 26న ర్యాలీ లేకపోయినా ఫర్వాలేదు, కొండమీద గ్రామసభలు పెట్టించండి. ఎజెండాలో ఒక్క అంశం చాలు: గంజాయికి బదులు వేసిన కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. గంజాయి మానేసిన రైతు అందాకా ఏం తినాలి?