గూఢచారి పద్యానికి బరంపురం టీక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ కొలిచెలమ మల్లినాథసూరి ముందే మాటిచ్చాడు: మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. కాళిదాసు దగ్గర ఆ నియమం చెల్లింది. గూఢచారి సినిమా దగ్గర చెల్లదు. మూలంలో ఏమీ ఉండదు గనుక ఈ వ్యాఖ్యాత మూలంలో లేనిదే రాస్తాడు, అక్కర్లేనిదే చెబుతాడు. 2025 ఆగస్టు 14న వార్ 2 విడుదలైన సందర్భానికి తగిన పద్యం ఇది. కవి తన పేరు రహస్యంగా ఉంచాడు.

మూలం:

గూఢచారి వచ్చె గోడపై పోస్టరై
బరమపురమునందు వారమెల్ల
చచ్చినాడు కాని చావడు మరుభాగ
మందు లేచునతడు మరల మరల

ఛందస్సు ఆటవెలది. గూఢచారి సినిమాలో ఆటవెలది లేకపోతే బయ్యర్లు ఒప్పుకోరు.

గూఢచారి = ఎవరికీ తెలియకుండా తిరిగేవాడు. ఇది నిఘంటువు మాట. సినిమాలో అయితే అందరూ చూస్తుండగా విమానం మీంచి దూకేవాడు. తెలుగు తెరమీద ఈ వంశకర్త 1966 ఆగస్టులో వచ్చిన గూఢచారి 116. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ, దర్శకుడు మల్లికార్జునరావు, మాటలు ఆరుద్ర, నాయకుడు తేనెమనసులుతో అంతకు ముందేడే హీరో అయిన కృష్ణ. ఇంగ్లండువాడికి 007, ఫ్రెంచివాడికి 117, మనవాడికి 116. ఫ్రెంచివాడి కంటే ఒకటి తగ్గడం వినయమని ఒక పక్షం. తెలుగునేల మీద ఎవరికి సంభావన ఇచ్చినా నూటపదహార్లే కాబట్టి గూఢచారికీ అంతే ముట్టిందని రెండో పక్షం. మాకు రెండోదే సమ్మతం. ఆ సినిమాకు కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ మరుసటి ఏడాదే జితేంద్రతో దాన్ని ఫర్జ్‌గా హిందీలో తీశాడు. కనుక తెలుగు ఏజెంటు హిందీ దేశంలో దిగడం వార్ 2లోని జూనియర్ ఎన్టీఆర్‌తో మొదలైందనడం చరిత్ర తెలియని మాట.

వచ్చె = వచ్చెను. ఎప్పుడని అడగరాదు. చెప్పిన తేదీకి రాకపోవడం గూఢచారి లక్షణం.

గోడపై పోస్టరై = దాక్కోవలసినవాడే నిలువెత్తు బొమ్మయి. శత్రువులు ఆ గోడ పక్కనుంచే ఆటోలో పోతారు, పోల్చుకోరు. అలంకారం విరోధాభాసం.

బరమపురమునందు = బరంపురంలో. గణాల కోసం సున్నను చంపాడు, కవికి లైసెన్సు ఉంది. ఒడియావారు బ్రహ్మపురమంటారు, రైల్వేవారు బ్రహ్మపూర్ అని బోర్డు పెట్టారు, ఇంగ్లీషు కాగితాల్లో బెర్హంపూర్. ఇన్ని పేర్లతో తిరిగే ఊరిని ఏ గూఢచారి సంస్థయినా కళ్ళకద్దుకుని ఉద్యోగంలో పెట్టుకుంటుంది.

ఈ పదం దగ్గర కొంచెం ఆగాలి. 1936 ఏప్రిల్ 1కి ముందు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీది, ఆ రోజునుంచి ఒడిశాది. ఇక్కడి తెలుగువాళ్ళు ఎక్కడికీ కదల్లేదు, రాష్ట్రమే కదిలింది. అప్పట్నించీ ఇంట్లో ‘ఏటి’ అన్న నోరు వీధి మలుపు తిరిగేసరికి ‘కొణ’ అంటుంది, స్టేషనుకు చేరేసరికి ‘క్యా’ అంటుంది. ఇందుకు తర్ఫీదిచ్చిన సంస్థ లేదు, కోడ్ నంబరు లేదు. నాయకుడు జేబులోంచి దొంగ పాస్‌పోర్టు తీసి ఇంకో పేరు చెప్పగానే హాలంతా నోరెళ్ళబెట్టాలని దర్శకుడి కోరిక. బరంపురం హాల్లో ఎవరు వెళ్ళబెడతారు? మూడు తరాలుగా మారువేషంలో బతుకుతున్నవాళ్ళు టికెట్టు కొని కూర్చున్నారక్కడ. వాళ్ళకున్న సందేహం వేరు, ఏ భాషలో చూడాలని. తాతగారికి తెలుగు కావాలి, ఒడియా బడిలో చదివే మనవడికి హిందీ కావాలి. దేశ రక్షణ కన్నా ఇది జటిలమైన సమస్య.

వేషం మాట వచ్చింది కాబట్టి మరొకటి. సల్మాన్ ఖాన్ టైగర్ అనే గూఢచారి అయింది 2012లో. ఇక్కడి బుఢీ ఠాకురాణి యాత్రలో ఒళ్ళంతా చారలు దిద్దుకుని వీధుల్లో ఆడే పులివేషాలకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. నేతవారి పెద్ద దేశిబెహరా ఇంటి ఆడపడుచుగా అమ్మవారు పుట్టింటికి వచ్చే ఈ యాత్ర రెండేళ్ళకోసారి. టీజరుండదు, ట్రైలరుండదు, ఊరంతా వస్తుంది. సిరీస్ అంటే అదీ.

వారమెల్ల = వారం పొడుగునా. రెండో వారం ఊసెత్తకపోవడంలో కవి నిజాయితీ ఉంది. వార్ 2 వచ్చిన రోజునే రజనీకాంత్ కూలీ కూడా దిగింది మరి. ఇచ్ఛాపురం దగ్గర సరిహద్దు గడప అవతల పెద్ద సినిమాకు రేట్లు పెంచుకోమని ఆంధ్ర ప్రభుత్వం జీవో ఇస్తుంది. ఆ జీవో ఈ గడప దాటలేదు. అన్ని సరిహద్దులూ దాటే గూఢచారి దాన్ని మాత్రం వెంట తెచ్చుకోలేకపోయాడు.

చచ్చినాడు కాని చావడు = ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. 1962లో డాక్టర్ నో తో మొదలైన జేమ్స్ బాండ్ 2021లో 25వ సినిమాలో చచ్చిపోయాడు. సినిమా పేరేమో చావడానికి తీరిక లేదని. చివర్లో పేర్లు పడ్డాక జేమ్స్ బాండ్ మళ్ళీ వస్తాడని అక్షరాలు. శవం మీద వేసిన పూలు వాడకముందే ఆహ్వానపత్రిక! 26వ దానికి దర్శకుడిగా డెనీ విల్‌నోవ్‌ను ప్రకటించారు కూడా. హిందీవారిది ఇంకా సూటి పద్ధతి. మొదటి సినిమా పేరు ‘ఒకప్పుడు టైగర్ ఉండేవాడు’, రెండోది ‘టైగర్ బతికే ఉన్నాడు’. కథ మొత్తం పేర్లలోనే అయిపోయింది. మన అడివి శేష్ 2018 గూఢచారిలో చచ్చాడనుకున్న తండ్రి బతికి ఉండటమే కాదు, ప్రతినాయకుడై కూర్చున్నాడు. దీనికీ రెండో భాగం ప్రకటించారు.

శంక: అయ్యా, చావనివాడికి తుపాకి గురిపెడితే మాకెందుకు భయం వేయాలి?

సమాధానం: నాయనా, భయం నీకు కాదు, నిర్మాతకు.

మరుభాగమందు = వచ్చే సినిమాలో. టైగర్‌తో మొదలైన హిందీ వరసలో వార్ 2 ఆరవది. దాని చివర, తర్వాతిదైన ఆల్ఫాకు అంకురార్పణ జరిగింది. పెళ్ళి భోజనం వడ్డిస్తూనే సీమంతం సంగతి చెప్పినట్టు.

లేచును, మరల మరల = స్పష్టం.

ఈ టీక గ్రాంథికంగా నడవాల్సింది, నడవలేదు. పర్లాకిమిడి గంజాం జిల్లాలో ఉన్న రోజుల్లో గిడుగు రామమూర్తి అక్కడ కూర్చునే వాడుక భాష కోసం పోట్లాడారు. ఆ జిల్లా గాలికి గ్రాంథికం నిలవదు.

తాత్పర్యం: గూఢచారి సినిమా మళ్ళీ వచ్చింది. గుణదోష విచారణ చేస్తే, హృతిక్, ఎన్టీఆర్ కలిసి ఆడిన పాట గుణం. కథ కంటే ఎక్కువగా వాహనాలు ఎగరడం దోషం. ఇద్దరు మహానటనాకుశలురను పెట్టుకుని కంప్యూటర్ బొమ్మలతో పోరాడించడం అపరాధం.

ఫలశ్రుతి: ఈ టీకను ఇంటర్వెల్లో చదివినవారికి రెండో సగం అర్థమవుతుంది, సినిమాకు ముందే చదివినవారికి రెండు సగాలూ అక్కర్లేకుండా పోతాయి. పేర్లు పడుతున్నాయని లేచిపోకండి, అసలు ప్రకటన ఆ తర్వాతే వస్తుంది. టికెట్టు డబ్బులు మాత్రం ఎవరివి వాళ్ళే పెట్టుకోవాలి.