దుఃఖము చాలని గిటారిస్టు

వట్లూరు రైల్వే స్టేషనునకు కూతవేటు దూరమున, కొబ్బరిచెట్ల నీడలో, రెండంతస్తుల డాబాలో కాపురముండు ఈ గృహస్థునకు యేబది యేండ్లు దాటినవి. కొల్లేటి దిక్కున కౌలుచెరువులు కలవు. రక్తపుపోటు లేదు, మధుమేహము లేదు. కొడుకునకు ఉద్యోగమైనది, కూతురునకు పెండ్లి యైనది. ఇట్టి సర్వసంపన్నుడు లోకమునందలి సంగీతములలో ఒకదానిని వరింపదలచి, కల్యాణిని కాదని, కాపీని కాదని, అమెరికాలో పత్తిచేల బానిసల సంతతివారు ఆకలితోడను అవమానముతోడను పాడుకొన్న బ్లూసును వరించెను. ఆయన సంగీతజీవితమందలి సమస్త సంకటములకును మూల మిదియే: ఆ విద్యకు కావలసిన ముఖ్యద్రవ్యమగు దుఃఖము ఆయన యింట దొరకదు. ఆ పాటలలో మనిషి తెల్లవారి నిద్ర లేచుటతోడనే కష్టములు మొదలగును. ఈయన నిద్ర లేచునప్పటికి ఇడ్లీ సిద్ధముగా నుండును.

శాస్త్రజ్ఞానమున మాత్రము లోటు లేదు. మిసిసిపీ రాష్ట్రమున మిసిసిపీ, యాజూ నదుల నడుమ నున్న పల్లపునేలను డెల్టా యందురనియు, అది సముద్రసంగమమునకు మిక్కిలి దూరమున నుండుటచే భూగోళశాస్త్రరీత్యా డెల్టాయే కాదనియు, కృష్ణా గోదావరుల కాలువలు వచ్చి కలిసికొను ఏలూరుసీమయే నిక్కమైన డెల్టా యనియు, కావున బ్లూసుపై వట్లూరువారికి గల హక్కు అమెరికావారికి లేదనియు ఆయన టీకొట్టు ముందు నిలిచి వాదించునప్పుడు ఎదురాడినవా డింతవఱకు లేడు. ఎదురాడబోయినవాని టీ చల్లారిపోవును.

1903 ప్రాంతమున టట్‌వైలర్ అను చిన్న స్టేషనులో బండికై వేచియున్న డబ్ల్యు. సి. హ్యాండీ యను సంగీతవేత్త, ఒక పేద నల్లజాతీయుడు గిటారుతీగలపై కత్తిని జార్చుచు వాయించుట విని ముగ్ధుడయ్యెనని చదివిన నాటినుండి, ఈయన సాయంకాలములందు గిటారుతో వట్లూరు స్టేషను బెంచీపై కూర్చుండును; అది ప్యాసింజరు కొఱకు గాదు, తన్ను విని ముగ్ధుడు కాగల సంగీతవేత్త కొఱకు. హౌరా దిక్కునకు పోవు పెద్దబండ్లు దుమ్ము రేపుకొనుచు ఆగక పోవును. సంగీతవేత్తలందఱు వానియందే ప్రయాణము చేయుదురు కాబోలు. కత్తి విషయమున మఱియొక చిక్కు వచ్చెను. వారి యింట నున్నది కత్తిపీట. దానిని తీగలపై జార్చుట మానవసాధ్యము కాదు గనుక, ఆయన స్టీలుగ్లాసుతో సరిపెట్టుకొనెను.

బ్లూసు పాటకు సాధారణముగా పన్నెండు ఆవర్తములు. ఆధారషడ్జమును, మధ్యమమును, పంచమమును పట్టుకొని నడచు మూడు స్వరసమూహములు. సాహిత్యమున మొదటి పాదము చెప్పి, దానినే మరల చెప్పి, మూడవ పాదమున తీర్పు చెప్పుట సంప్రదాయము. ఈ ఛందస్సు ఎంత కష్టమైనదో ఆయన నాకు వివరించుచుండగా వంటింటి నుండి ఇల్లాలి గొంతు వినవచ్చెను: “బియ్యం అయిపోయాయండీ.” కొంతసేపటికి, “బియ్యం అయిపోయాయంటున్నాను.” పిదప, “ఇవాళ పొయ్యి వెలగదు.” లక్షణము ఎక్కడను తప్పలేదు. ఆయన మాత్రము గమనింపలేదు.

వారి వీథిలోనే సంగీతపాఠములు చెప్పి విశ్రమించిన ఒక వృద్ధురాలు కలదు. ఆమె యొద్ద నూజివీడు పనివారు చేసిన పనసకర్ర వీణ యున్నది. ఒకనాడీయన ఆమె గుమ్మమున కూర్చుండి, తీగను ప్రక్కకు లాగి ఒక స్వరమును మూల్గించి, కన్నులు మూసికొనెను. ఆమె సావధానముగా విని, “నాయనా, ఆ గాంధారం సాధారణమా, అంతరమా? ఏదో ఒకటి తేల్చు” అనెను. ఆయన పరవశుడై, “రెండింటికీ మధ్యదండి టీచరుగారూ! ఆ మధ్యలోనే ఉందండి మజా అంతా!” అని విన్నవించెను. ఆమె మారుమాటాడక వీణ తీగను లాగి, ఆ గాంధారమును అటు పోనీయక, ఇటు రానీయక, త్రిశంకుని వలె కొంతసేపు నిలిపి, “ఇదేనా?” అని యడిగి, కాఫీ పెట్టుటకు లోనికి పోయెను. అంతటితో నూరకున్నను బాగుండెడిది. కాఫీ తెచ్చి యిచ్చుచు, ఆయన మూడేండ్లుగా సాధన చేయుచున్న ఆ అయిదు స్వరములును స గ మ ప ని యనియు, అది మన శుద్ధధన్యాసియే యనియు, తాను దానిని చిన్నపిల్లలకు చెప్పుచుండెడిదాననియు సెలవిచ్చెను. సముద్రములు దాటి తెచ్చుకొన్న నిధి పొరుగింటి అటకపై నున్నదని వినిన ఆయన ఆ రాత్రి భోజనము చేయలేదట. బ్లూసునకు కావలసిన దుఃఖము ఎట్టకేలకు లభించినదని నేను సంతోషించితిని. కాని తెల్లవారునప్పటికి పెసరట్టు వచ్చెను, దుఃఖము నిలువలేదు.

1938లో చిన్నవయసుననే మరణించిన బ్లూసు గాయకుడు రాబర్టు జాన్సను, నాలుగుదారులు కలియుచోట అర్ధరాత్రమున సైతానునకు ఆత్మ నమ్మి విద్య సంపాదించెనని యొక కథ కలదు. ఈయన ఆత్మను చేతబట్టుకొని గుండుగొలను కూడలికి పోయెను. సైతాను రాలేదు, గస్తీ పోలీసులు వచ్చి, “పెట్టెలో ఏముందండి?” అనిరి. నిదర్శనముగా రెండు ఆవర్తములు వాయింపగా, మూడవది అక్కఱలేదని వారే దగ్గఱుండి బండి యెక్కించిరి.

నిజమైన కష్టము ఒక వానకాలమున వచ్చెను. ఎడతెగని ముసురు పట్టి, నీటిలో ప్రాణవాయువు తగ్గి, వేకువకు బొచ్చెలును శీలావతులును వెల్లకిల తేలినవి. ఇప్పుడు గదా పాట వచ్చునని నేను పరామర్శకు పోయితిని. గిటారు మంచము క్రిందికి చేరినది. ఆయన మేతకొట్టు బాకీలు కూడుచుండెను. 1927 నాటి మిసిసిపీ వరదను చార్లీ ప్యాటన్ పాట కట్టి రికార్డు ఇచ్చెనని మాకందఱకు చెప్పినవా డీయనయే గనుక, ఆ మాట గుర్తుచేసితిని. “ఆయనకే రెండేళ్ళు పట్టిందండి” అని తలయెత్తకుండనే యనెను. ఇల్లాలు మాత్రము, “ఏడుపొచ్చినప్పుడు వాయించరు, వాయించినప్పుడు ఏడుపు మాకొస్తుంది” అని మజ్జిగ తెచ్చి యిచ్చెను. నిజమునకు ఆ కూడికల ముందు కూర్చున్న మనిషిని చూచి నాకు నవ్వు రాలేదు.

మఱుసటి పట్టుబడికి ధర పలికెను. బాకీలు తీరిన వారమునకే గుమ్మములో క్రొత్త ఎలక్ట్రిక్ గిటారు దిగెను. దానికి పేరు పెట్టవలెను. 1949లో ఒక కలహమున నాట్యశాల అంటుకొనగా మంటలలోనికి ఉఱికి గిటారును తెచ్చుకొన్న బి. బి. కింగ్, ఆ కలహమునకు కారణమైన స్త్రీ పేరు లూసిల్ అని తెలిసికొని, బుద్ధి తెచ్చుకొనుటకై గిటారునకు ఆ పేరే పెట్టుకొనెను గదా. ఈయన భార్య పేరు పెట్టబోగా ఆమె ససేమిరా యనెను. అన్యస్త్రీ పేరు పెట్టినచో కాపురమునకే మోసము వచ్చును. పిదప ‘తమ్మిలేరు’ అని పెట్టెను. సంవత్సరమున చాలకాలము ఎండియుండి, పారినప్పుడు మాత్రము ఏలూరును ముంచిపోవు ఏటి పేరగుటచే కాబోలు, ఇంటిలో ఎవ్వరును ఆక్షేపింపలేదు.