నలభై ఒక్క రోజుల కౌలు

కార్తీకం పెట్టగానే మన తిరువూరు రంగు మారుతుంది. నిన్నటిదాకా సెంటర్లో బండి అడ్డంగా ఆపి, హారన్ కొట్టినవాడి తాతముత్తాతల్ని పేరుపేరునా పలకరించిన పెద్దమనిషి ఇవాళ నల్లబట్టల్లో, ఉత్తకాళ్లతో, నుదుట గంధంతో ఎదురొస్తాడు. 'కాస్త తప్పుకో స్వామీ' అంటాడు మెత్తగా. తిట్టినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. అయ్యప్ప దీక్ష ఆషామాషీ కాదు. తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, చెప్పుల్లేని కాళ్లకు మార్గశిరం చలి. సిగరెట్టు లేదు, సీసా లేదు, నోట బూతు లేదు. ఇరవయ్యేళ్లుగా పెళ్లాం పోరినా మానని తాగుడు ఒక్క రుద్రాక్షమాలకు లొంగిపోతుంది. చిక్కల్లా అక్కడే వచ్చింది. నలభై ఒక్క రోజులు మానగలిగినవాడికి మానడం చేతనవునని ఊరంతా చూసేసింది. ఇక మిగిలిన 324 రోజులకూ బలహీనత అనే సాకు చెల్లదు స్వామీ. అది నీ ఇష్టం కిందే లెక్క.

మన వైపు మామిడితోటల్ని పూత మీదే కాపుకు కౌలుకిస్తాం. కాయ దింపుకోగానే కౌలుదారు తట్టాబుట్టా సర్దుకుంటాడు. తోట మళ్లీ ఆసామిదే. అయ్యప్పకూ మనం ఒంటిని ఆ షరతు మీదే ఇచ్చాం. మకరజ్యోతి కనపడిందా, గడువు తీరింది. ఖాళీ చెయ్యవయ్యా మణికంఠా!

దీక్షలో ఒక మంచి పద్ధతుంది. మాల వేసుకున్నవాడు ఎవడైనా స్వామే. వయసు లేదు, కులం లేదు, ఒకరి కాళ్లకు ఒకరు దండం పెట్టుకోవాలి. పొలంలో పాలేరుగా ఉండే దళిత కుర్రాడు మాల వేస్తే ఆసామి వంగి అతని పాదాలు తాకుతాడు, భిక్షలో పక్క విస్తరి ముందు కూర్చుంటాడు. ఇంతటి విప్లవం పార్టీల వల్ల కూడా కాలేదు. కాకపోతే దీనికి ఆఖరి తేదీ ఉంది. కొండ దిగి, మాల తీసి, గడ్డం గీయించుకున్న మర్నాడు 'ఏరా, నిన్న పనిలోకి రాలేదేం?' అని వినపడుతుంది. కుర్రాడు పెరట్లోంచి వస్తాడు, గడప అవతలే నిలబడతాడు. కాఫీ వస్తే గ్లాసు వేరు. ఆ గ్లాసు చూరులో జాగ్రత్తగానే ఉంది. నలభై ఒక్క రోజుల్లో దాన్ని పారేయాలని ఒక్కరికీ తోచలేదు.

శబరిమల పద్దెనిమిది మెట్ల పైన, నువ్వూ ఆ దేవుడూ వేరు కాదని చెప్పే ఉపనిషత్తు మాట పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ తోపులాటలో చదివే తీరికెక్కడిది! దారిలో ఎరుమేలి దగ్గర వావర్ మసీదుంది. అయ్యప్ప నేస్తమని ఆయన దగ్గరా మొక్కుకుని, కానుక వేసి, ఆనక కొండెక్కడం ఆచారం. అలా మసీదులో మొక్కి వచ్చిన స్వామే ఊళ్లో తన ఇంటి ముందు 'టు లెట్' బోర్డు కట్టి, అడగొచ్చినవాడి పేరు వినగానే 'మా బావమరిది వాళ్లు వస్తున్నారండీ' అంటాడు. బావమరిది ఏడాదయినా రాడు. వావర్ కేరళలో ఉన్నంతవరకే పుణ్యాత్ముడు, తిరువూరులో అద్దెకు దిగుతానంటే కుదరదు.

నల్లబట్టల తరవాత ఎర్రబట్టలు. దుర్గమ్మ మాల వేసుకుని ఇంద్రకీలాద్రికి నడిచే భవానీలు ఖమ్మం వైపు నుంచి, మన ఊరి మీదుగా, 30వ నంబరు జాతీయ రహదారి వెంట బెజవాడ పోతారు. దారి పొడుగునా వాళ్లకు పందిళ్లు, పులిహోర, మజ్జిగ, శుద్ధి చేసిన నీళ్ల ప్యాకెట్లు. పుణ్యమే, ఎవరు కాదన్నారు? అదే తోవలో ఎ.కొండూరు మండలం తగులుతుంది. అక్కడి తండాల్లో కిడ్నీలు పాడై మనుషులు ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లకు మంచినీళ్లు కావాలని అడగని నాయకుడు లేడు. నడిచివెళ్లే భక్తుడికి నీళ్లిస్తే కొండ మీది అమ్మ చూస్తుంది. తండాలో ఉన్నచోటే ఉన్న ముసలమ్మకిస్తే చూడదని ఎవరో గట్టిగా చెప్పినట్టుంది.

చూపు సంగతి వచ్చింది కాబట్టి 2024 దసరా గుర్తు చేసుకుందాం. రాష్ట్రంలో 3,396 మద్యం దుకాణాలకు సరిగ్గా నవరాత్రుల్లోనే దరఖాస్తులు తీసుకున్నారు. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుం 2 లక్షలు. అయినా దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. విజయదశమి 12న, లాటరీ 14న, కొట్లు తెరిచింది 16న. తల్లి ఇంకా అలంకారం విప్పుకుని అలసట తీర్చుకుంటూ ఉంటుంది, అప్పుడే 99 రూపాయల క్వార్టరు బల్ల మీదికొచ్చింది. లాటరీ తగలాలని ఎన్ని కొబ్బరికాయలు కొట్టారో ఆవిడకే తెలియాలి. తగిలినవాళ్లలో కొందరు కృతజ్ఞతగా బోర్డు మీద దేవుడి పేరే రాయించి, పక్కన 'వైన్స్' అని తగిలించారు.

వేరే మతాలవాళ్లు ముసిముసిగా నవ్వనక్కర్లేదు. క్రీస్తులో అందరూ ఒక్కటే, అయినా మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు. నిఖాలో పెళ్లికూతురికి మెహర్ ఇవ్వాల్సిన పెళ్లికొడుకు మామగారి దగ్గర బండి తాళాలు ముందే తీసుకుని వస్తాడు.

చెప్పింది చేస్తే ఏమవుతుందో కూడా చూశాం. చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. అక్కడి అర్చకుడు సి.ఎస్. రంగరాజన్ 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథుడి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారు. 2025 ఫిబ్రవరిలో రామరాజ్యం తెస్తామంటూ ఒక దండు ఆయన ఇంటికే వచ్చి, తమతో కలవనన్నందుకు కొట్టింది. రాముడి పేరిట అర్చకుణ్ణి కొట్టగలగడం మన కాలానికే దక్కిన భాగ్యం.

పాత కృష్ణా జిల్లాలో ఇంకొకాయన ఉండేవాడు, గోరా. దేవుడు లేడన్నందుకు ఉద్యోగం పోయింది. 1948లో తన కూతురు మనోరమను సేవాగ్రామంలో దళితుడైన అర్జునరావుకిచ్చి పెళ్లి చేశాడు. మన ఉపన్యాసాల్లో వేదాంతులు చెప్పేది ఒక నాస్తికుడు ఇంట్లో చేసి చూపిస్తే, మనం ఆయన్ని నాస్తికుడనే తిట్టాం. వేదాంతుల్ని మాత్రం శాలువా కప్పి పంపించాం.

కనుక గురుస్వాములకు నాదొక మనవి. కొత్తరకం దీక్ష ఒకటి ఇప్పించండి. మాల అక్కర్లేదు, ఇరుముడి అక్కర్లేదు, కేరళ రైలు టిక్కెట్టు అసలే వద్దు. చెప్పులేసుకోవచ్చు, పరుపు మీద పడుకోవచ్చు. మాల తీసిన మర్నాటి నుంచి నలభై ఒక్క రోజులు, పొలంలో ఆ కుర్రాణ్ణి మామూలు లుంగీలో చూసి కూడా 'స్వామీ' అనాలి. నట్టింట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టాలి. ఆఫీసులో 'దీక్షలో ఉన్నాను, చేత్తో ముట్టను, ఆ సొరుగులో పెట్టండి' అనే అలవాటున్నవాళ్లు ఆ సొరుక్కి కూడా తాళం వేసుకోవాలి. అంతే నియమాలు.

ఈ మాట చెబితే ఒక స్వామి చాలాసేపు ఆలోచించి అడిగాడు, 'మరి ఈ దీక్షలో మందు తాగొచ్చా?'

తాగు స్వామీ, నీ ఇష్టం. కాకపోతే ఆ కుర్రాణ్ణి కూడా బల్ల దగ్గరికి పిలిచి, మీ అందరి గ్లాసుల్లోంచే ఒకటి తీసి అతనికివ్వు.