మాస్టారి నల్లపలక

అండమాన్‌లోని హాడోలో ఓడ కూత వినబడితే కొందరు చుట్టాల కోసం, కొందరు సరుకు కోసం జెట్టీ వైపు చెవి ఒగ్గుతారు. ఆ రోజు ఓ రిటైర్డు తెలుగు మాస్టారు మాత్రం ల్యాప్‌టాప్ కోసం ఒగ్గారు. వైజాగ్‌లో ఓడెక్కిన మేనల్లుడు దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

మాస్టారికి చూపు లేదు. తెరను చెవులతో చదువుతారు, వేళ్ళతో నడుపుతారు. పాత కంప్యూటర్లోని విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో సరి. పోనీ విండోస్ 11 వేద్దామంటే, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని ఇంట్లో కాపురం చెయ్యనంది.

కొత్తదాన్ని తెరిచి కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కగానే తెర చదివి వినిపించే నేరేటర్ గొంతు విప్పి, ఇంటర్నెట్ అడిగింది. చెన్నై నుంచి ఈ దీవులకి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు కాబట్టి సరిపోయింది. ఉపగ్రహాన్ని నమ్ముకున్న రోజుల్లో అయితే ఓ డౌన్‌లోడు ముగిసేలోపు మేనల్లుడు వైజాగ్ వెళ్ళి మళ్ళీ వచ్చేవాడు.

తర్వాత పాత నేస్తం ఎన్‌వీడీఏని దింపుకున్నారు. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ అది. పైసా కట్టక్కర్లేదు. తెలుగూ చదువుతుంది, కాకపోతే రైల్వే అనౌన్సర్‌కి జలుబు చేసినట్టు. (అండమాన్‌లో రైళ్ళు లేవు, ఆ లోటు ఇలా తీరింది.) నేరేటర్ని ఆపడం మరిచిపోవడంతో కాసేపు ఇద్దరు పురోహితులు ఒకే పెళ్ళికి రెండు రకాల మంత్రాలు చదివారు.

చూపున్నవాళ్ళు వచ్చి పరామర్శించారు. స్టార్ట్ బటన్ నడిమధ్యకి వచ్చేసిందట, ఎలా వేగుతారో అని.

“అదెక్కడుంటే నాకేం? విండోస్ కీ ఉన్నచోటే ఉంది కదా!” అన్నారు మాస్టారు.

ఆయన్ని ముంచింది ఎవరికీ పట్టని చిన్న మార్పు. ఫైలు పేరు మార్చాలంటే ఇదివరకు మెనూ తెరిస్తే రీనేమ్ ఎక్కడుందో వేలికి తెలిసేది. ఏళ్ళ తరబడి వేలు దానంతటదే వెళ్ళేది. ఇప్పుడు కట్, కాపీ, రీనేమ్‌లను గుర్తులుగా మార్చి ఓ వరుసలో కూర్చోబెట్టారు. పాత మెనూ ‘షో మోర్ ఆప్షన్స్’ వెనక దాక్కుంది. కంటికి అది అందమేమో గానీ, వేలికి మాత్రం ఇల్లు మారినట్టే.

“ఎఫ్2 నొక్కండి, అదే రీనేమ్” అన్నాడు ఫోన్లో ఓ మిత్రుడు. మాస్టారు నొక్కారు. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కారు. వారం రోజులు పట్టు వదలకుండా నొక్కారు.

“ఏటండీ, ఈ తెర నల్లపలకలా ఉందేటి?” అన్నారు ఓ మధ్యాహ్నం ఇల్లాలు.

మెకానిక్ వచ్చాడు. “మాస్టర్‌జీ, డిస్‌ప్లే గయా” అని హిందీలో సంతాపం తెలిపి, కొత్తది మెయిన్‌ల్యాండ్ నుంచి తెప్పించాలన్నాడు. వేలల్లో పని. మాస్టారి చెవిలో ఎన్‌వీడీఏ మాత్రం ఇల్లాలికి పిచ్చుకల గోలలా వినబడే వేగంతో చదువుకుంటూ పోతూనే ఉంది.

తీరా మేనల్లుడు పట్టుకున్నాడు. ఆ ల్యాప్‌టాప్‌లో ఎఫ్2 మీదే తెర వెలుతురు తగ్గించే పనీ ఉంది. ఎఫ్ఎన్ కీ కలిపి నొక్కితేనే అది అసలు ఎఫ్2. వారం పాటు మాస్టారు ఫైలు పేరు మారుస్తున్నాననుకుని తెరకి దీపం తగ్గిస్తూ వచ్చారన్నమాట!

ఇప్పుడు ఆయన ఎన్‌వీడీఏలో స్క్రీన్ కర్టెన్ అనే సదుపాయం వాడుతున్నారు. అది తెరను పూర్తిగా నల్లగా చేసేస్తుంది, మాట మాత్రం ఆగదు. పెన్షన్ లెక్క చూసుకునేటప్పుడు వెనక ఎవరు నిలబడ్డా ఏమీ కనబడదు. కాబట్టి అయ్యా మెకానిక్కులూ, హాడో వైపు వస్తే డిస్‌ప్లే పోయిందనే ముందు ఆయన్నొక మాట అడగండి.