నాలుగు రాళ్లు వెనకేసుకున్న జమ్మలమడుగు

వల్లూరు నుంచి జమ్మలమడుగు దాకా ఏ హైస్కూలు గ్రౌండుకు పోయినా, బాస్కెట్‌బాల్ చూడ్డానికొచ్చిన జనానికి తెలిసిన రూలు ఒక్కటే. పిల్లోడు బంతి పట్టుకుని బుట్ట వైపు రెండడుగులు వేశాడో లేదో, ‘స్టెప్స్! స్టెప్స్!’ అని కేకలు. పాపం, పిల్లోడి తప్పేమీ లేదు. డ్రిబుల్ ఆపి బంతి అందుకున్నాక రెండడుగులు వేసి షాట్ కొట్టొచ్చని రూలే చెబుతోంది. పదహారేళ్లు ఉక్కు ఫ్యాక్టరీ అనే బంతిని చంకలో పెట్టుకుని ఊళ్లు తిరిగిన పెద్దమనుషులకు మాత్రం ఇదే జనం చప్పట్లు కొట్టి, బిర్యానీ పొట్లం అందుకుని ఇంటికి పోయారు.

అందుకని కడప ఉక్కు ఫ్యాక్టరీ సాక్షిగా ఈ రూల్స్ ఒకసారి నేర్చుకుందాం.

మొదటిది పివట్ కాలు. నిలబడి బంతి పట్టినవాడు ఒక కాలు నేలకు పాతేయాలి. రెండో కాలితో ఎటు తిరిగినా అడిగేవాడు లేడు. పాతిన కాలు జరిగితే మాత్రం ట్రావెలింగ్. ముందుకు పోవాలంటే బంతిని నేలకు కొడుతూ పోవాలి. 1891లో నైస్మిత్ రాసిన తొలి నిబంధనల్లో ఆ వెసులుబాటు కూడా లేదు, పట్టుకున్న చోటి నుంచే విసరాలి. మన ఆట చూడండి. 2007లో రాజశేఖరరెడ్డి జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన రాయి వేశారు. 2018 డిసెంబరులో చంద్రబాబు మైలవరం మండలం కంబాలదిన్నెలో ఇంకో రాయి వేశారు. ఏడాది తిరక్కముందే జగన్ సున్నపురాళ్లపల్లెలో మూడోది వేశారు. పాతిన కాలు ఊరు మార్చి ఊరు తిరిగింది. బంతి మాత్రం నేలను తాకలేదు.

రెండోది జీరో స్టెప్. 2017లో అంతర్జాతీయ సమాఖ్య ఫిబా తెచ్చిన సవరణ ఇది. పరుగులో బంతి చేతికి చిక్కిన క్షణాన నేల మీదున్న పాదం లెక్కలోకి రాదు. ఢిల్లీ వాళ్లకు ఈ కిటుకు మూడేళ్ల ముందే తెలుసు. 2014 రాష్ట్ర విభజన చట్టం పదమూడో షెడ్యూలులో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు ‘పరిశీలించాలి’ అని రాశారు. కట్టాలని రాయలేదు. అడుగు వేసినట్టూ ఉంది, లెక్కకొస్తే సున్నా!

మూడోది కిందపడటం. బంతితో సహా నేల మీద పడితే తప్పు కాదు. పడ్డవాడు బంతి వదలకుండా పైకి లేస్తే తప్పు. 2018 జూన్‌లో టీడీపీ ఎంపీ సి.ఎం.రమేశ్ ఉక్కు కోసం కడపలో పదకొండు రోజులు నిరాహార దీక్షలో పడుకున్నారు. అంతవరకు రూలు ప్రకారమే. మరుసటి ఏడాది ఆయన లేచి బీజేపీ బెంచీ మీద కూర్చున్నారు. దీనికి ఏ చేతి సైగ చూపాలో రూల్స్ పుస్తకంలో లేదు.

నాలుగోది డబుల్ డ్రిబుల్. ఒకసారి ఆపి బంతిని చేతపట్టినవాడు మళ్లీ కొట్టడం మొదలెట్టకూడదు. 2019లో మూడేళ్లలో ఫ్యాక్టరీ అన్న జగనే, 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్లపల్లెలో మళ్లీ భూమిపూజ చేశారు. డబుల్ డ్రిబులే కదా అంటారేమో, తొందరపడొద్దు. బంతి మధ్యలో ఇంకో ఆటగాడికి తగిలొస్తే రెండోసారి కొట్టుకోవచ్చని రూల్లోనే సందు ఉంది. ఈసారి జేఎస్‌డబ్ల్యూ అధినేత సజ్జన్ జిందాల్ చేయి పడింది, 8,800 కోట్ల రూపాయల లెక్కా చదివారు. లాయరు ఉంటే గెలిచే కేసే!

మరి రెఫరీ నిద్రపోయాడా? లేదు. ఓటరు 2019లో విజిల్ వేశాడు, 2024లోనూ వేశాడు. చిక్కంతా శిక్షలో ఉంది. ట్రావెలింగ్ ఉల్లంఘనే గానీ ఫౌల్ కాదు. బంతి అవతలి జట్టు చేతికి పోతుంది, అంతే. ఆటగాడి పేరు మీద గీత పడదు. అవతలి జట్టు బంతి అందుకుని, అదే చంకలో పెట్టుకుని, కొబ్బరికాయ కోసం ఇంకో ఊరు వెతుక్కుంటుంది.

ఫౌల్ అంటే ఎదుటివాడికి దెబ్బ తగలాలంటారు. ఫ్యాక్టరీ వస్తుందని ఎదురుచూసి, చివరికి కువైట్ విమానమెక్కిన పిల్లలకు తగిలింది దెబ్బ కాదా? శంకుస్థాపనను ఇకనుంచి ఫౌల్స్ ఖాతాలో రాయండి. చూసేవాళ్లకు ఆ కండువాలన్నీ ఒకే జట్టు. ఒక క్వార్టరులో జట్టుకు నాలుగు ఫౌల్స్ పడ్డాక, ఐదోదానికి ఎదుటివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. నాలుగు రాళ్లు పడనే పడ్డాయి. ఐదో రాయి మోసుకొచ్చేవాడు ఎవరైనా సరే, జమ్మలమడుగు జనం ఫ్రీ త్రో గీత మీద నిలబడి ఒక్క మాట అనాలి: ముందు బంతి ఇటియ్యి సామీ!