పెన్నుగారు

ప్రతి ఆఫీసులోనూ ఒక పెన్నుగారు ఉంటారు. సర్వీసు రిజిస్టర్లో ఆయనకి వేరే పేరే ఉంటుంది గానీ, అటెండరు దగ్గర్నుంచి అందరూ చాటుగా పిలిచేది అదే. వయసు యాభై దాటుతుంది. సూపరింటెండెంటు హోదా. చత్వారపు కళ్ళజోడు. చొక్కా జేబులో నల్లగా, లావుగా ఓ ఇంకు పెన్ను.

ఇంకు పెన్నుల పిచ్చి ఉన్నవాళ్ళలో రెండు తెగలున్నాయి. లక్షలు పోసి కొని, బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాళ్ళు మొదటి తెగ. వాళ్ళవల్ల లోకానికి ఏ ఇబ్బందీ లేదు. పెన్నుగారిది రెండో తెగ. ఆయన పెన్ను ఖరీదు వెయ్యి దాటుతుంది, రెండు వేలు దాటదు. పారేసుకుంటే ఏడుపొస్తుంది, దాచుకుంటే నలుగురూ నవ్వుతారు. కాబట్టి వాడాలి. రోజూ వాడాలి. చిక్కంతా అక్కడే.

ఈ రోజుల్లో రాయడానికేముంది? ఫైళ్ళన్నీ ఈ-ఆఫీసులోకి పోయాయి. సంతకం కూడా మీట నొక్కితే పడుతుంది. కొరియర్ కుర్రాడు ఫోను ముందుకు చాపి వేలితో గీకమంటాడు. పెన్నుగారు మరచుట్టు క్యాపు తిప్పి తిప్పి తీసేసరికి వాడు మెట్లు దిగి బండి స్టార్టు చేస్తుంటాడు. అయినా ఆయన వదలరు. ప్రతి నోటునీ ముందు తెల్ల కాగితం మీద రాస్తారు, కొట్టివేతలు లేకుండా ఫెయిరు చేస్తారు, దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తారు. ఆ సెక్షన్లో ఫైళ్ళు ఆలస్యమవుతాయని అందరూ అంటారు. దస్తూరి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు, అదీ ఆయన బాధ.

పెన్ను ఎక్కడిదని పొరపాటున కూడా అడక్కూడదు. రాజమండ్రిది. అడిగినవాడు ఇక కూచోవాల్సిందే. స్వదేశీ సరుకు చెయ్యమని గాంధీగారు చెబితే అక్కడి రత్నంగారు పెన్ను చెయ్యడం, అది వాడి చూసి బాపూ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాయడం, అంతా మొదటినుంచీ వస్తుంది. ఉత్తరం దాకా వచ్చేసరికి మన టీ చల్లారి తొరక కడుతుంది. తరవాత ఎబొనైటు. రబ్బరులో గంధకం దండిగా కలిపి వేడిమీద గట్టిపరుస్తారు, ఆ కడ్డీని లేతు మీద చెక్కుతారు. ఇదంతా చెప్పి ఊరుకుంటే బాగుండును. పెన్ను మన ముక్కు కింద పెట్టి "వాసన చూడండి" అంటారు. చూస్తే సైకిలు షాపు వాసన. "ఆహా" అనాలి. అనకపోతే అరచేతుల మధ్య గబగబా రుద్ది, వేడెక్కించి, మళ్ళీ పెడతారు.

ఆయన్ని నిజంగా చూడాలంటే బ్యాంకులో చూడాలి. కౌంటరు దగ్గర పెన్నుకి కట్టిన దారం ఉంటుంది, పెన్ను ఉండదు. "పెన్నుందాండీ?" అని ఎవరో ఒకరు అడుగుతారు. లేదనలేరు, జేబులో కనబడుతూనే ఉంది. ఇవ్వనూ లేరు, చెయ్యి మారితే పాళీ పాడవుతుందని ఆయన నమ్మకం. అందుకని "ఏం రాయాలో చెప్పండి, నేను రాసిపెడతా" అంటారు. అంతే, ఇద్దరవుతారు, నలుగురవుతారు, వరసే కడుతుంది. పాసుపుస్తకం ప్రింటు వేయించుకోడానికని పదింటికి వచ్చిన మనిషి మధ్యాహ్నం దాకా అక్కడే. విత్‌డ్రాయల్ ఫారం కాగితం మీద ఇంకు పాకి, అక్షరానికి గడ్డాలూ మీసాలూ మొలుస్తుంటే "ఏం కాగితమండీ ఇది" అని నొచ్చుకుంటూనే, "అక్షరాలా పన్నెండు వేల మూడు వందల రూపాయలు మాత్రమే" అని ప్రతి వత్తునీ తీరిగ్గా దించుతారు.

సంతకం మాత్రం ఎవరిది వారే పెట్టుకోవాలి కదా. అక్కడ ఆయన ప్రాణం జేబులోంచి బయటికొస్తుంది. పెన్ను ఇస్తారు, క్యాపు ఎడమ గుప్పిట్లో బిగించి పట్టుకుంటారు. క్యాపులేని పెన్ను ఎవడూ జేబులో పెట్టుకుపోడు, అదీ కిటుకు. పెన్షనుకి వచ్చిన పెద్దాయన ఒకరు, సర్వీసంతా కార్బన్ పేపరు మీద రాసిన చెయ్యి, అలవాటు చొప్పున బలంగా నొక్కారు. పాళీ రెండు కాళ్ళూ చాపింది. "నొక్కకండి బాబుగారూ, మీరు ఊరికే పట్టుకుంటే చాలు, అదే నడుస్తుంది" అంటూ పెన్నుగారు గాల్లో తన చెయ్యి ఆడించి చూపించారు. పెద్దాయన పెన్ను తిరిగిచ్చి, "మీరీ బ్రాంచికి కొత్తగా వచ్చారా? మా ఎరియర్స్ సంగతి కాస్త చూడండి" అన్నారు. కాదనకుండా పెన్నుగారు దానికీ ఓ అర్జీ రాసిపెట్టారు. రెండు పేజీలు.

ఇంట్లో సంగతి వేరు. ఫిల్లరుతో ఇంకు నేరుగా బారెల్లోకి పోసుకునే పెన్ను అది. ఆదివారం స్నానం చేసి, పాత బనీను తొడుక్కుని, పేపరు పరుచుకుని కూచుంటారు. సిరాబుడ్డి మూత తీశాక ఇంట్లో ఎవరూ గట్టిగా నడవకూడదు. ఇంకు అడుగంటుతున్న కొద్దీ బారెల్లో గాలి పెరుగుతుంది, ఒంటివేడికి ఆ గాలి వ్యాకోచించి పాళీలోంచి చుక్కలు తోస్తుంది. నీలం జేబు చొక్కా చేత్తో పట్టుకుని భార్య ఎదురుగా నించున్నప్పుడు ఆయన ఈ సూత్రమే వివరిస్తారు. ఆవిడ సూత్రం అడగలేదు.

ఓసారి బల్లమీద నాలుగు పేజీల నిండా "లక్ష్మీ లక్ష్మీ లక్ష్మీ" అని కనిపించింది ఆవిడకి. ఆవిడ పేరు లక్ష్మి కాదు. క కింద ష, దాని కింద మ, పైన గుడిదీర్ఘం, పాళీ అన్ని మలుపులూ తిరగాలంటే ఆ అక్షరమే రాయాలని ఆయన ఎంత చెప్పినా ఆ పూట కాఫీ రాలేదు.

అన్నిటికంటే గుట్టుది ఆకుపచ్చ సిరా. పచ్చసంతకం గెజిటెడ్ అధికారుల ఆనవాయితీ. పెన్నుగారు గెజిటెడ్ కారు, రిటైరయ్యేలోపు అయ్యే సూచనలూ లేవు. అయితేనేం, ఓ బుడ్డి కొని పుస్తకాల వెనక దాచారు. రాత్రి భోజనాలయ్యాక పెన్ను కడిగి ఆ సిరా పోసి పాల లెక్క, చాకలి పద్దు, కిరాణా చీటీ ముందేసుకుంటారు. కందిపప్పు రెండు కిలోలు, ఆమోదించడమైనది. ఇంగువ, గత నెల నిల్వ తెలియజేయవలెను. కింద తేదీతో సహా పచ్చసంతకం. ఆవిడ మొదట్లో నవ్వింది, తరవాత అలవాటు పడింది, ఈమధ్య ఆ భాష నేర్చుకుంది.

పెన్ను మూడొందలని ఇంట్లో చెప్పారాయన. ఆ ధైర్యంతోనే మొన్న రెండో పెన్నుకి నోటు పెట్టారు. విషయం: లావు పాళీ గల పెన్ను కొనుగోలు గురించి. సూచిక: ప్రస్తుత పెన్ను పాళీ సన్నమైనందున సంతకమునకు చాలకుండుట. వ్యయం: స్వల్పం. పచ్చసంతకం పెట్టి ఫ్రిజ్ మీద ఉంచారు.

పొద్దున్నకి తిరిగొచ్చింది. గుండుసూదితో కొట్టు రసీదు గుచ్చి ఉంది. కింద, ఇన్సూరెన్సు ఏజెంటు ఊరికే ఇచ్చిన బాల్‌పెన్నుతో, ఆవిడ దస్తూరి: "మూడొందల పెన్నుకు పద్నాలుగు వందల రసీదు చొక్కా జేబున దొరికినందున జతపరచడమైనది. మూడు రోజుల్లోగా సంజాయిషీ దాఖలు చేయవలెను."