ముందస్తు హెచ్చరిక

మా కంపెనీలో పర్యావరణం, ఆరోగ్యం, భద్రత మూడూ ఒకే మనిషి కింద ఉంటాయి. పాశమైలారం నుంచి బొల్లారం దాకా మందుల ఫ్యాక్టరీల్లో ఎక్కడ చూసినా ఇదే ఏర్పాటు. పలకడానికి సులువని మేమంతా ఆయన్ని సేఫ్టీ సారంటాం.

సారు పనిమంతుడు. హెల్మెట్ బెల్టు బిగించకుండా ప్లాంటులోకి అడుగుపెడితే గేటు పాసు లాక్కుంటాడు. మెట్లు దిగుతూ రెయిలింగు పట్టుకోలేదని డైరెక్టరునే ఆపి, మళ్లీ పైకి పంపి, పట్టుకుని దిగమన్నాడు. ఆ కథ ఇప్పటికీ క్యాంటీన్లో నడుస్తూనే ఉంటుంది. అందుకే బతుకమ్మకు వారం ముందు ‘టీమ్ బిల్డింగ్’ పేరుతో మంజీర ఒడ్డున గుడారాలు వేసుకుని ఒక రాత్రి గడుపుదామని మా కుర్రాళ్లు అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు ఒకే షరతు పెట్టారు. సేఫ్టీ సారు వెంట ఉండాలి.

కుర్రాళ్లంటే ప్రొడక్షన్ వాళ్లు, మా క్వాలిటీ కంట్రోల్ ల్యాబు వాళ్లు. వికారాబాద్ దగ్గర కోటిపల్లి ప్రాజెక్టులో కయాక్ నడపడం నేర్చుకుని, ఆదివారం వస్తే చాలు తెడ్డు వేయకపోతే చేతులు దురద పెట్టే రకం. అద్దెకు తెచ్చిన రెండు కయాకులు ట్రాలీ ఆటోలో వేసుకుని బయల్దేరాం. మంజీర బ్యారేజీ పైనంతా అభయారణ్యం, మొసళ్ల రాజ్యం. అటు వెళ్లే ప్రశ్నే లేదన్నాడు సారు. బ్యారేజీ దాటి కిందికొచ్చి, పటాన్‌చెరు వైపు నుంచి వచ్చే నక్కవాగు మంజీరలో కలిసే చోట దిగాం. రెండింటి నడుమ మంచి ఇసుక మేట. మంజీరలో మడుగులు నిండుగా, నిలకడగా ఉన్నాయి. వాగులో మాత్రం నీళ్లని చెప్పుకోడానికి బండల మధ్య టీ రంగులో ఒక చార.

మేటకు ఎగువన గట్టు మీద పొలాలకు నీళ్లు తోడే మోటర్ల వరస. వాటికి కావలి ఒక తాత. మేం సామాన్లు దించుతుంటే బీడీ ఆర్పి కిందికొచ్చాడు. మా దగ్గరికి రాగానే ముక్కు ఎగబీల్చి, “పటాన్‌చెరు నుంచి అచ్చిండ్రా సారూ?” అన్నాడు.

“ఎట్లా తెలిసింది తాతా?”

“గంతే,” అని నవ్వి, గుడారాల కోసం చదును చేస్తున్న జాగా చూసి నవ్వు ఆపేశాడు. “గీ ఇసుకల పండకుండ్రి. గట్టు మీద పండుండ్రి.”

సేఫ్టీ సారు ఫోను తీసి చూపించాడు. సింగూరు ప్రాజెక్టు గేట్లు అన్నీ మూసే ఉన్నాయని, ఎగువ నుంచి వచ్చే నీళ్లు కూడా తక్కువేనని పొద్దున్నే కనుక్కున్నాడాయన.

“సింగూరు గాదు సారూ. ఎనుకున్న వాగు.”

“వాగులో నీళ్లేవి తాతా?”

తాత ఇంకేం మాట్లాడలేదు. చదువుకున్నవాళ్లతో ఒకటికి రెండుసార్లు చెప్పడం ఆ వయసువాళ్లకు నామోషీ. ఒడ్డున తుమ్మచెట్టు కొమ్మలకు మా తలకంటే ఎత్తున చింకి గుడ్డలు, పాలిథిన్ సంచులు, ఎండిన గడ్డి చిక్కుకుని ఉన్నాయి. వరద ఎంత ఎత్తున పోతుందో నది తనంతట తాను రాసిపెట్టే గుర్తు అది. సారు దాన్ని కూడా చూశాడు. చూసి, “సింగూరు వదిలినప్పటివి” అని తేల్చేశాడు.

టీ తాగాక ఇసుకలో అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి టూల్‌బాక్స్ టాక్ మొదలుపెట్టాడు. షిఫ్టు మొదట్లో ప్లాంటులో రోజూ వినే ఉపన్యాసమే, సెల్లు చూసుకుంటూ వింటాం. ఆ రోజు మాత్రం ఎవరూ సెల్లు తీయలేదు. ఎందుకంటే ఆయన బియాస్ నదితో మొదలుపెట్టాడు.

2014 జూన్ 8. మాకు కూతవేటు దూరంలోని బాచుపల్లి ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు టూరుకెళ్లి, హిమాచల్ ప్రదేశ్ మండీ జిల్లాలో తలౌట్ దగ్గర బస్సు ఆపారు. సాయంత్రం. నదిలో బండలు తేలి ఉన్నాయి, వాటి మధ్య పల్చగా నీళ్లు. ఫొటోలకు బండల మీదికి వెళ్లారు. పైన లార్జీ జలవిద్యుత్ కేంద్రం, 126 మెగావాట్లది. గ్రిడ్డుకు అంత కరెంటు అక్కర్లేదు, ఉత్పత్తి తగ్గించమని కబురొచ్చింది. టర్బైన్లలోకి పోవలసిన నీళ్లు ఎటో ఒకవైపు పోవాలి కదా. గేట్లు ఎత్తారు. పాదాల దగ్గర మొదలైన నీళ్లు నిమిషాల్లో నడుముకొచ్చాయి. బండ మీద ఒకర్నొకరు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లల వీడియో హైదరాబాద్‌లో చూడని ఇల్లు లేదు. 24 మంది విద్యార్థులు, వాళ్లను తీసుకెళ్లిన టూరు మనిషి ఒకరు కొట్టుకుపోయారు. కొందరు దొరకడానికి వారాలు పట్టింది. 2016లో హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వమంది. విద్యుత్ బోర్డు ఇంత, కాలేజీ ఇంత, ప్రభుత్వం ఇంత అని వాటాలు వేసింది.

మాలో ఒకడు ఆ కాలేజీలోనే తర్వాతి బ్యాచుల్లో చదివాడు. తల వంచుకుని ఇసుకలో గీతలు గీస్తూ కూర్చున్నాడు.

“సైరన్ మోగలేదా సార్?” అన్నారెవరో.

“మోగిందో లేదో తర్వాత పెద్ద తగువైంది,” అన్నాడు సారు. “నన్నడిగితే అసలు సంగతి అది కాదు. పైన వదిలేవాడికి ఎప్పుడు వదులుతున్నాడో తెలుసు. కింద ఉన్నవాడికి తెలియదు. కాబట్టి వదిలేవాడే ఆలోచించాలి, కింద ఎవడున్నాడో అని.”

ఆ మాటకు మేం చప్పట్లు కొట్టినంత పని చేశాం.

అక్కణ్నుంచి ఏడుపాయలకు వెళ్లాడు. సింగూరులో నిండితే దాదాపు 30 టీఎంసీలు ఉంటాయి. గేట్లు 17. కొన్ని ఎత్తితే చాలు, దిగువన వనదుర్గమ్మ గుడి ముందు పాయ పొంగి గర్భగుడి దారి మునుగుతుంది. అమ్మవారి ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలోకి తెచ్చి పూజలు చేస్తారు. అమ్మవారే జాగా మారుతుంటే మనమెంత అన్నాడు. తర్వాత జాగ్రత్తలు. మన నెత్తిన చుక్క పడకపోయినా ఎక్కడో పడ్డ వాన వరదై వస్తుంది. తేటగా ఉన్న నీళ్లు ఒక్కసారి మడ్డిగా మారినా, పుల్లలూ ఆకులూ నురగా కొట్టుకొచ్చినా లేచి పరుగెత్తాలి, సామాన్ల కోసం ఆగకూడదు. పారే నీళ్లు అరడుగు ఉంటే మనిషి కాళ్లు లాగేస్తాయి, రెండడుగులుంటే కారుని లేపేస్తాయి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి ఉంచాలి, గంటగంటకీ చూడాలి. కయాకులు తిరగేసి, ఇసుకలో పాతిన మేకుకు కాకుండా ఒడ్డున ఉన్న చెట్టుకే కట్టాలి. లైఫ్ జాకెట్ తల కింద దిండుగా పెట్టుకుని పడుకోవాలి. ఒక్క ముక్క పొల్లు లేదు. మంజీర అంచున పుల్ల తనే గుచ్చాడు.

పుల్ల గుచ్చుతుండగానే ఫోను మోగింది. ప్లాంటు నుంచి షిఫ్ట్ ఇన్‌ఛార్జి.

“ఆఁ చెప్పు… వానా? ఎంతసేపట్నుంచి?… నిండాయా, మూడూనా?… ఎప్పటిలాగే కానివ్వు. నన్నడిగేదేముంది.”

ఫోను జేబులో వేసుకుని మా వైపు తిరిగి నవ్వాడు. “పటాన్‌చెరులో కుమ్మేస్తోందట. మనం బతికిపోయాం. ఇక్కడ చూడండి, మబ్బు తునక లేదు.”

నిజమే. ఆ రాత్రి అన్ని చుక్కలు నేను మా ఊళ్లో కూడా చూడలేదు. చికెన్ కాల్చుకున్నాం, జొన్న రొట్టెలు తెచ్చుకున్నాం, అంత్యాక్షరి సగంలో వదిలేసి పడుకున్నాం. సారు పదింటికీ పదకొండింటికీ లేచి టార్చి వేసి పుల్ల చూసొచ్చాడు. మంజీర వేలెడు కూడా పెరగలేదు.

ఎంత రాత్రయిందో తెలియదు, నిద్రలో నేను నైట్ షిఫ్టులో ఉన్నాననుకున్నాను. ఎవరో ఫ్యూమ్ హుడ్ ఆన్ చేయకుండా పని చేస్తున్నారని విసుక్కున్నట్టు కల. ఆ కలలోంచి తాత కేక లాగి బయట పడేసింది.

“లేవుండ్రి! సారూ, లేవుండ్రి! అన్ని ఆణ్నే పడెయ్యుండ్రి, గట్టెక్కుండ్రి!”

గుడారం గుంజలు ఒక్కొక్కటే కర్రతో కొడుతున్నాడు. అంతకు ముందే మోటర్లు సగం పైకి లాగేసి ఉన్నాడు, లుంగీ ఎగ్గట్టి, ఒళ్లంతా చెమట. సారు టార్చి మంజీర వైపు వేశాడు. పుల్ల పుల్లలాగే ఉంది. “తాతా, నీళ్లు పెరగలేదు…” అనబోతే తాత ఆయన రెక్క పట్టి లాగాడు. అంత వయసువాడికి అంత పట్టు ఎక్కడిదో. మేమంతా చెప్పులు లేకుండా గట్టెక్కాం. ముళ్లు గుచ్చుకున్న సంగతి తెల్లారాక తెలిసింది.

గట్టు మీద నిలబడి కాసేపు అనుమానంగా ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. ఒకడు ఫోను మరిచిపోయాను, దిగి తెచ్చుకుంటానన్నాడు. తాత కర్ర అడ్డం పెట్టాడు. సారు ఫోను ఆయన జేబులోనే ఉంది, గట్టెక్కేటప్పుడు ఆయన పిల్లకాలువలో జారి పడితే అదీ తడిసింది, తుడుచుకుంటున్నాడు. సింగూరు నుంచి మెసేజ్ లేదు. వాతావరణ హెచ్చరిక లేదు. ఏమీ లేదు.

అప్పుడు వినపడింది, వాగు మలుపు అవతల కంకర లారీ తిరగబోసినట్టు ఒక చప్పుడు. టార్చి వెలుగులో ముందు నురగ వచ్చింది. తెల్లటి నురగ, మోకాలెత్తున, ముద్దలు ముద్దలుగా, సాయంత్రం టీ రంగు చార ఉన్న దారిలోనే. దాని వెనక కొమ్మలు, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, ఎవరిదో చెప్పు. దాని వెనక నీళ్లు. గోడలా లేచి వస్తాయనుకున్నాను సినిమాల్లోలాగా. అలా రాలేదు. మేం చూస్తున్న ఇసుక కాస్తా లేకుండా పోయింది, అంతే. గుడారాలు ఒకదాని వెంట ఒకటి మంజీరలోకి వెళ్లిపోయాయి, ఒక దాంట్లో వెలిగించి మరిచిపోయిన దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. తుమ్మచెట్టుకు కట్టిన కయాకులు కొమ్మల ఎత్తుకు లేచి, పాలిథిన్ సంచుల పక్కన ఆడుతున్నాయి.

సారు చెప్పిన సూత్రాల్లో ఒక్కటీ తప్పు కాదు. కాపలా మాత్రం పెద్ద నదికి కాసి, చిన్న వాగుకు వీపు పెట్టి పడుకున్నాం. మంజీర పరీవాహక ప్రాంతం మహారాష్ట్ర బాలాఘాట్ కొండల దాకా ఉంది కాబట్టి దాని వరద కబురు ముందే వస్తుంది. ఆనకట్టలున్నాయి, ఇంజినీర్లున్నారు, డప్పు చాటింపు ఉంది. వాగుకు ఇవేవీ లేవు. పైన సిమెంటు రోడ్లు, రేకుల షెడ్లు పరుచుకున్నాక చుక్క ఇంకే చోటు లేదు, పడ్డదంతా పడ్డట్టే దిగుతుంది.

తెల్లారింది. అందరం లెక్కకు సరిపోయాం. సారు తాత దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకున్నాడు. గొంతు పెగలడానికి కొంతసేపు పట్టింది.

“నీకెట్లా తెలిసింది తాతా? మెసేజ్ వచ్చిందా? పై ఊరివాళ్లు ఫోన్ చేశారా?”

“మాకెవలు జేస్తరు సారూ. వాసనచ్చింది.”

“వాసనా?”

“ఆఁ. పటాన్‌చెరుల వాన దంచుతదా, కంపెనీలోళ్లు ట్యాంకీలల్ల ఉన్న మందు నీళ్లు వాగుల ఇడుస్తరు. వాన నీళ్లల్ల కలిసిపోతయని. గా కంపు ముంగట వస్తది, ఎనుక వరద వస్తది. కంపు రాంగనే మోటర్లు గుంజుకుంటం. ఏండ్ల సంది గంతే. ఒక్కపారి గుడ తప్పలే.”

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పేపరు వేశారు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ. అది శుద్ధి చేశాక వచ్చిన నీళ్ల లెక్క. మా ల్యాబులో చాలామందిమి ఆ పేపరు చదివినవాళ్లమే. ఎవరం సారు వైపు చూడలేదు.

అప్పుడే ఆయన ఫోను మోగింది. రాత్రి తడిసినందుకు చెవి దగ్గర పెడితే వినపడటం లేదు. రెండు సార్లు “హలో, హలో” అని, స్పీకరులో పెట్టాడు.

“గుడ్ మార్నింగ్ సార్. మీరు చెప్పినట్టే మూడు ట్యాంకులూ ఖాళీ చేయించాం. అంత వానలో ఒక్కడికి కూడా తెలిసుండదు సార్.”